తొలి విశ్వంలో వాయువు చల్లారిన తీరు: మీ సిమ్యులేషన్‌కు ఏ పదార్థం, ఏ రసాయనం, ఏ కోడ్?

తొలి నక్షత్రాల మీద ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: సిమ్యులేషన్ కోడ్‌లలో ఎంజో తీసుకోవాలా, ఆరెపో తీసుకోవాలా? నిజానికి ఈ ప్రశ్న అన్నిటికన్నా చివర రావాలి. ఫలితాన్ని ఎక్కువగా మార్చేది కృష్ణ పదార్థం (వెలుగుతో సంబంధం లేకుండా, గురుత్వం వల్లే తెలిసే పదార్థం) గురించి మీరు చేసే ఊహ. దాని తర్వాత వాయువు తన వేడిని ఏ దారిన వదిలించుకుంటుందన్న రసాయనం, ఆపైన ప్రారంభ స్థితి. ఈ మూడూ సరిగ్గా ఉంటే ఏ మంచి కోడ్ అయినా దాదాపు ఒకే కథ చెబుతుంది. ఇవి తప్పితే ఎంత గొప్ప కోడైనా తప్పునే అందంగా చూపిస్తుంది.

ముందు నేపథ్యం క్లుప్తంగా. విశ్వం వయసు సుమారు 3,80,000 ఏళ్లప్పుడు, అంటే రెడ్‌షిఫ్ట్ (విశ్వం అప్పటి నుంచి ఎన్ని రెట్లు విస్తరించిందో చెప్పే అంకె, ఎంత పెద్దదైతే అంత తొలికాలం) 1,100 దగ్గర, ఉష్ణోగ్రత 3,000 కెల్విన్‌కు దిగింది. ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు కలిసి హైడ్రోజన్ పరమాణువులయ్యాయి. అయితే అన్నీ కలవలేదు. పదివేలకు రెండు మూడు చొప్పున ఎలక్ట్రాన్లు ఒంటరిగా మిగిలాయి. ఆ కాసిని ఎలక్ట్రాన్లే నేపథ్య వికిరణానికీ (తొలి విశ్వం నుంచి మిగిలిన వెలుగు) వాయువుకీ మధ్య వేడిని మోస్తూ, రెడ్‌షిఫ్ట్ 150 దాకా రెండింటినీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచాయి. ఆ తర్వాత బంధం తెగింది. వికిరణం ఉష్ణోగ్రత (1+రెడ్‌షిఫ్ట్)తో పాటు తగ్గితే, వాయువుది దాని వర్గంతో తగ్గింది. అందుకే రెడ్‌షిఫ్ట్ 20 నాటికి వికిరణం 57 కెల్విన్ దగ్గర ఉంటే, వాయువు 10 కెల్విన్ లోపు ఉంది.

ఈ చివరి అంకెను గుర్తుంచుకోండి. చాలా సిమ్యులేషన్ రన్‌లు పాడయ్యేది ఇక్కడే.

కృష్ణ పదార్థం: నాలుగు అవకాశాలు, అవి సమానం కావు

అసలు కృష్ణ పదార్థం ఎందుకన్న సందేహం ఉంటే ఈ లెక్క చాలు. నేపథ్య వికిరణంలో కనిపించే హెచ్చుతగ్గులు లక్షకు ఒకటి స్థాయివి. పదార్థం ఆధిపత్యంలో ఉన్న విశ్వంలో సాంద్రత తేడాలు విశ్వం ఎన్ని రెట్లు విస్తరిస్తే అన్ని రెట్లు పెరుగుతాయి. రెడ్‌షిఫ్ట్ 1,100 నుంచి నేటికి 1,100 రెట్లు. అంటే మామూలు పదార్థం ఒక్కటే ఉంటే నేటికి వచ్చేది సుమారు ఒక శాతం తేడా. దాంతో గెలాక్సీ కాదు కదా, చిన్న మబ్బు కూడా కుప్పకూలదు. కృష్ణ పదార్థం వికిరణానికి తగులుకోదు. అందుకే రెడ్‌షిఫ్ట్ 3,400 దగ్గర పదార్థం, వికిరణం సమానమైనప్పటి నుంచే దాని గుంతలు లోతవుతూ వచ్చాయి. వికిరణం వదిలాక వాయువు వాటిలోకి జారింది.

వేడి, వెచ్చని, చల్లని అన్న పేర్లు తొలినాళ్లలో కణాలు ఎంత వేగంగా కదిలేవో చెబుతాయి. వేడి కృష్ణ పదార్థం, అంటే న్యూట్రినోలు, ఒకప్పుడు ముందు వరుసలో ఉన్న అభ్యర్థి. 1980లో మాస్కోలోని ఒక ప్రయోగ బృందం న్యూట్రినోకు 30 ఎలక్ట్రాన్‌వోల్ట్ దరిదాపుల్లో ద్రవ్యరాశి ఉందని ప్రకటించింది. సోవియట్ భౌతికశాస్త్రవేత్త జెల్డోవిచ్ 1970లో చెప్పిన చిత్రానికి అది అచ్చంగా సరిపోయింది: ముందు 10¹⁵ సౌర ద్రవ్యరాశుల పలచని పలకలు ఏర్పడతాయి, అవి తర్వాత గెలాక్సీలుగా విడిపోతాయి. 1983లో వైట్, ఫ్రెంక్, డేవిస్ చేసిన సిమ్యులేషన్ దీన్ని తోసిపుచ్చింది. గెలాక్సీలు ఏర్పడేదాకా ఆగితే గుంపులు చూసినదానికన్నా చాలా ఎక్కువగా పేరుకుపోతున్నాయి. నేడు నేపథ్య వికిరణాన్ని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం కొలతలను గెలాక్సీ సర్వేలతో కలిపితే మూడు రకాల న్యూట్రినోల మొత్తం ద్రవ్యరాశి 0.12 ఎలక్ట్రాన్‌వోల్ట్ లోపు. కాబట్టి వేడి కృష్ణ పదార్థం చరిత్ర పాఠానికే ఉపయోగం. రన్ చేయాల్సిన పని లేదు.

వెచ్చని కృష్ణ పదార్థం అలా కొట్టిపారేసేది కాదు. కణం ద్రవ్యరాశి 3 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ అనుకుంటే, దాదాపు వంద కోట్ల సౌర ద్రవ్యరాశుల కన్నా చిన్న హేలోలు (గురుత్వంతో కూడిన కృష్ణ పదార్థపు గుంపులు) బాగా తగ్గిపోతాయి. అప్పుడు తొలి నక్షత్రాలు చిన్న హేలోల్లో కాక పొడవాటి తీగల్లో పుట్టాల్సి వస్తుంది. ఆసక్తికరమే, కానీ దూరపు క్వేసార్ల (చాలా కాంతివంతమైన గెలాక్సీ కేంద్రాల) వెలుగులో కనిపించే హైడ్రోజన్ గీతల అధ్యయనాలు ఉష్ణ సమతౌల్యంలో పుట్టిన కణానికి కనీసం 5 కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్ చుట్టుపక్కల ఉండాలంటున్నాయి. ఇందులో దాగి ఉన్న ఉచ్చు వేరే ఉంది. సిమ్యులేషన్‌లో పదార్థాన్ని పరిమిత సంఖ్యలో కణాలుగా పెడతారు కాబట్టి తీగలు కృత్రిమంగా తెగి, ముత్యాల్లా సమాన దూరంలో దొంగ హేలోలు పుడతాయి. 2007లో వాంగ్, వైట్ చూపినట్టు వీటి ద్రవ్యరాశి కణాల సంఖ్య ఘనమూలంతోనే తగ్గుతుంది. అంటే కణాలను ఎనిమిది రెట్లు చేస్తే, దొంగ హేలోల హద్దు సగమే తగ్గుతుంది. చిన్న హేలోలను లెక్కపెట్టి, వెచ్చని పదార్థంలో కూడా చిన్నవి ఉన్నాయని రాసేముందు వాటి ప్రారంభ కణాలను వెనక్కి గుర్తించి చూడండి. బాగా చదునైన పలకలా ఉన్న ప్రాంతం నుంచి వచ్చినవైతే తీసేయండి.

మసక కృష్ణ పదార్థం, అంటే 10⁻²² ఎలక్ట్రాన్‌వోల్ట్ దరిదాపు కణాలు, చాలా మందిని ఆకర్షిస్తుంది. కానీ ష్రోడింజర్ సమీకరణాన్ని గ్రిడ్ మీద సాధించాలి. గడి పరిమాణం సగం చేస్తే కాలపు అడుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. గడులు ఎనిమిది రెట్లు, అడుగులు నాలుగు రెట్లు, మొత్తం ఖర్చు 32 రెట్లు. ఇప్పటి హైడ్రోజన్ గీతల పరిమితులు ద్రవ్యరాశిని 10⁻²¹ పైకి నెట్టాయి. అక్కడ తరంగం ఇంకా చిన్నది, ఖర్చు ఇంకా ఎక్కువ. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు ఇది వద్దు.

కాబట్టి చల్లని కృష్ణ పదార్థంతో మొదలుపెట్టండి. వెచ్చనిది కావాలంటే అదే యాదృచ్ఛిక బీజంతో (ప్రారంభ హెచ్చుతగ్గులను నిర్ణయించే అంకెతో) రెండో రన్‌గా చేయండి. లేకపోతే తేడా భౌతికమా, బీజానిదా అన్నది ఎవరూ చెప్పలేరు.

వేడి పోయే దారి: హైడ్రోజన్ అణువా, పరమాణువా?

వాయువు కుప్పకూలాలంటే అది చల్లబడే కాలం, స్వేచ్ఛగా పడే కాలం కన్నా తక్కువ కావాలి. 1977-78లో రీస్, ఆస్ట్రైకర్, సిల్క్, బిన్నీ, వైట్ వేర్వేరుగా చెప్పిన సూత్రం ఇదే. ఘన సెంటీమీటరుకు ఒక పరమాణువు ఉన్నచోట పడే కాలం సుమారు 5 కోట్ల ఏళ్లు. పదివేలు ఉన్నచోట 5 లక్షల ఏళ్లు.

ఇప్పుడు హేలో ఉష్ణోగ్రత చూడండి. రెడ్‌షిఫ్ట్ 20లో 10 లక్షల సౌర ద్రవ్యరాశుల చిన్న హేలోలోకి పడిన వాయువు సుమారు 2,000 కెల్విన్‌కు వేడెక్కుతుంది. హైడ్రోజన్ పరమాణువు వెలుగు విడుదల చేసి చల్లబడాలంటే 8,000 నుంచి 10,000 కెల్విన్ కావాలి. అంటే ఆ దారి మూసుకుపోయింది. అది తెరుచుకోవాలంటే అదే కాలంలో హేలో దాదాపు కోటి సౌర ద్రవ్యరాశులకు ఎదగాలి.

చిన్న హేలోకు మిగిలేది హైడ్రోజన్ అణువు. లోహాలు, ధూళి లేవు కాబట్టి అణువు తయారీ తిరుగుడు దారిన జరగాలి. ఒంటరి ఎలక్ట్రాన్ ఒక పరమాణువును పట్టుకుని రుణ అయాన్ చేస్తుంది. ఆ అయాన్ మరో పరమాణువుతో కలిసి అణువవుతూ ఎలక్ట్రాన్‌ను తిరిగి వదిలేస్తుంది. ఎలక్ట్రాన్ ఖర్చు కాదు, పాలలో తోడు లాంటిది. తోడు లేకపోతే ఎంతసేపు ఉంచినా పాలు పాలే. ప్రారంభ ఫైలులో వాయువును పూర్తిగా తటస్థం అని పెట్టేవాళ్ల రన్‌లు సరిగ్గా ఇలాగే ఆగిపోతాయి: హేలో వస్తుంది, వేడెక్కుతుంది, 2,000 కెల్విన్ దగ్గరే కూర్చుంటుంది. రెడ్‌షిఫ్ట్ 200లో ఎలక్ట్రాన్ల భాగం 2 నుంచి 3×10⁻⁴ పెట్టండి. అణువుల భాగం 10⁻⁶ కన్నా తక్కువ ఉండాలి, సున్నా పెట్టినా పెద్దగా నష్టం లేదు. రుణ అయాన్ బంధం 0.75 ఎలక్ట్రాన్‌వోల్ట్ మాత్రమే కాబట్టి రెడ్‌షిఫ్ట్ 100 దాటి వెనక్కి వెళ్తే నేపథ్య వికిరణమే దాన్ని విడగొడుతుంది. అందుకే ఈ ప్రక్రియ అంతకు ముందు ఊపందుకోదు.

అణువుతో చల్లదనానికీ ఒక హద్దుంది. రెండు వైపులా ఒకే పరమాణువు ఉన్న సౌష్ఠవం వల్ల దానికి ద్విధ్రువం లేదు. మొదటి భ్రమణ మెట్టు 510 కెల్విన్ ఎత్తున ఉంది. ఫలితం: ఘన సెంటీమీటరుకు పదివేల కణాల సాంద్రత దగ్గర వాయువు సుమారు 200 కెల్విన్‌కు చేరి నెమ్మదిస్తుంది. అక్కడ జీన్స్ ద్రవ్యరాశి, అంటే సొంత గురుత్వంతో కూలడానికి కావలసిన కనీస ద్రవ్యరాశి, సుమారు 1,000 సౌర ద్రవ్యరాశులు. తొలి నక్షత్రాలు మన చుట్టూ పుట్టేవాటికన్నా బరువైనవని అనుకోవడానికి మూలం ఈ 200, ఈ 1,000.

డ్యుటీరియం ఉన్న హెచ్‌డీ అణువుకు స్వల్ప ద్విధ్రువం ఉంది, మొదటి మెట్టు 128 కెల్విన్ దగ్గరే. హైడ్రోజన్ పరమాణువులు లక్షకు డ్యుటీరియం రెండున్నర మాత్రమే అయినా, వాయువు ఒకసారి అయనీకరణం చెంది మళ్లీ చల్లబడిన చోట ఇదే ముందుకొస్తుంది, 100 కెల్విన్ కిందికి తీసుకెళ్తుంది. మొదటి తరం చిన్న హేలోకు దాని ప్రభావం తక్కువ. పక్క నక్షత్రం వెలుగులో తడిసిన రెండో తరానికి తప్పనిసరి.

వాయువు రసాయనాన్నీ చల్లదనాన్నీ లెక్కించే గ్రాకిల్ లైబ్రరీలో ఈ ఎంపిక ఒక్క అంకె. 0 అంటే ముందే లెక్కగట్టిన పట్టిక, 1 అంటే ఆరు రకాల కణాలు, 2 అంటే హైడ్రోజన్ అణువు సహా తొమ్మిది, 3 అంటే డ్యుటీరియంతో పన్నెండు. నేటి గెలాక్సీల రన్‌లో బాగా పనిచేసిన 0ను అలాగే మోసుకురావడం మామూలుగా జరిగే పొరపాటు. ఆ పట్టికలో అణువులు లేవు, కాబట్టి చిన్న హేలోలో నక్షత్రమే పుట్టదు. 2తో మొదలుపెట్టండి. 3కు అదనపు ఖర్చు పెద్దది కాదు, మీకు అయనీకరణం చెందిన ప్రాంతాలు ఉంటే అదే పెట్టండి. చర్యల జాబితాను మీరే మార్చాలనుకుంటేనే క్రోమ్ ప్యాకేజీ వైపు వెళ్లండి. అది మీ జాబితా నుంచి ఫోర్‌ట్రాన్ కోడ్ పుట్టిస్తుంది. స్వేచ్ఛ ఎక్కువ, పొరపాటుకు చోటూ ఎక్కువ.

సాంద్రత 10⁸ దాటాక మూడు పరమాణువులు ఒకేసారి ఢీకొని అణువు చేసే చర్య మొదలవుతుంది. దాని రేటు మీద పరిశోధకుల్లో ఇప్పటికీ పెద్ద తేడాలున్నాయి, గ్రాకిల్ కూడా అందుకే అనేక ఎంపికలిస్తుంది. మీ ప్రశ్న ఆ సాంద్రత దాటకపోతే ఈ గొడవలోకి దిగొద్దు. దాటితే కనీసం రెండు రేట్లతో రన్ చేసి రెండూ చూపించండి.

పరమాణు మార్గం ఎప్పుడు తీసుకోవాలి? చుట్టుపక్కల నక్షత్రాల నుంచి 11.2 నుంచి 13.6 ఎలక్ట్రాన్‌వోల్ట్ ఫోటాన్లు వచ్చి అణువులను విడగొడుతున్న పరిస్థితిని చూడాలనుకున్నప్పుడు. అప్పుడు పెద్ద హేలో 8,000 కెల్విన్ దగ్గరే ఉండి, ముక్కలు కాకుండా ఒకే భారీ వస్తువుగా కూలవచ్చు. పెద్ద కృష్ణబిలాల విత్తనాలు వెతికేవాళ్లకు ఇదే దారి. అణువులు తమను తాము కాపాడుకునే స్వీయకవచం సూత్రం ఏది వాడారో తప్పక రాయండి. 1996 నాటి పాత సూత్రం ఇలాంటి వేడి వాయువులో కవచాన్ని ఎక్కువ చేసి చూపిస్తుందని 2011లో తేలింది.

ప్రారంభ స్థితి: అసలు సమయం పెట్టాల్సింది ఇక్కడ

ఒక మెగాపార్సెక్ (సుమారు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) పెట్టెలో ప్లాంక్ విలువలతో మొత్తం పదార్థం సుమారు 4×10¹⁰ సౌర ద్రవ్యరాశులు. 512 ఘనం కణాలు పెడితే ఒక్కోదానికి దాదాపు 300. 5 లక్షల సౌర ద్రవ్యరాశుల హేలోలో 1,700 కణాలు పడతాయి, చాలు. 256 ఘనం అయితే రెండు వందల చిల్లరే. హేలోను గుర్తించవచ్చు గానీ దాని లోపలి కథ నమ్మలేం. వాయువును కూడా కణాలుగా పెడితే మొత్తం 27 కోట్లు. కణానికి 150 బైట్లు అనుకున్నా 40 జీబీ మెమరీ. ల్యాప్‌టాప్‌కు అందదు గానీ, హైదరాబాద్ ఐఐటీ పరమ్ సేవ లాంటి యంత్రాల మీద ఇది చిన్న పని. మెగాపార్సెక్‌లా, హబుల్ అంకెతో (విశ్వ విస్తరణ వేగాన్ని చెప్పే h, సుమారు 0.67) భాగించిన మెగాపార్సెక్‌లా అన్నది ప్రారంభ స్థితిని తయారుచేసే మ్యూజిక్ ప్రోగ్రామ్ ఫైలులో రెండుసార్లు చూసుకోండి. తప్పితే ద్రవ్యరాశి 3.3 రెట్లు మారిపోతుంది, రన్ మాత్రం ఏ హెచ్చరికా లేకుండా పూర్తవుతుంది.

ప్రారంభ రెడ్‌షిఫ్ట్ పెద్ద పెట్టెలకు 49 చాలు, చిన్న హేలోలకు 200 కావాలి. అక్కడ వికిరణం ఇంకా పదార్థంలో ఆరు శాతం ఉంటుంది. నేటి విలువ నుంచి వికిరణం లేని సూత్రంతో వెనక్కి లెక్కిస్తే తేడాల ఎత్తు సుమారు 4 శాతం తప్పుతుంది. రెండోది, అప్పటికి వాయువు ఇంకా కృష్ణ పదార్థం కన్నా వెనకబడే ఉంది. రెండింటికీ ఒకే బదిలీ ప్రమేయం (ఏ పరిమాణపు హెచ్చుతగ్గులు ఎంత పెరిగాయో చెప్పే పట్టిక) ఇస్తే వాయువుకు అర్హత లేని తొందర ఇచ్చినట్టే. ఈ పట్టికలు లెక్కగట్టే క్యాంబ్ లేదా క్లాస్ ప్రోగ్రామ్‌లు రెండు విడి పట్టికలు ఇస్తాయి, వాటినే వాడండి.

2010లో చెలియఖోవిచ్, హిరాటా గుర్తించిన విషయం ఇంకా చాలా రన్‌లలో కనిపించదు. వికిరణం వదిలినప్పుడు వాయువు కృష్ణ పదార్థంతో పోలిస్తే సగటున సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో కదులుతోంది. అప్పటి ధ్వని వేగానికి ఇది దాదాపు అయిదు రెట్లు. ఈ వేగం రెడ్‌షిఫ్ట్‌తో పాటు తగ్గి 200 దగ్గర 5.5 అవుతుంది. చిన్న హేలోలకు వాయువు చేరడం ఆలస్యమవుతుంది, నక్షత్రం పుట్టడానికి కావలసిన కనీస ద్రవ్యరాశి పెరుగుతుంది. ఒక మెగాపార్సెక్ పెట్టెలో ఈ వేగం దాదాపు ఏకరీతిగా ఉంటుంది కాబట్టి కలపడం తేలిక: వాయువు కణాలన్నిటికీ ఒకే దిశలో 5.5 కలపండి. గాడ్జెట్ కోడ్ ఫైలులో వేగం విస్తరణ గుణకపు (అంటే 1/(1+రెడ్‌షిఫ్ట్)) వర్గమూలంతో భాగించి రాస్తారు. అంటే 5.5 కాదు, 78 కలపాలి. ఇది మరిచిపోతే ప్రభావం 14 రెట్లు తగ్గి, ఈ వేగం వల్ల తేడా ఏమీ లేదన్న తప్పుడు నిర్ధారణకు వస్తారు.

ఇప్పుడు కోడ్

గాడ్జెట్-4 సులభం, వేగం, కృష్ణ పదార్థం ఒక్కదానికే అయితే ఇంకేమీ చూడక్కర్లేదు. వాయువుకు మాత్రం జీన్స్ ద్రవ్యరాశిలో కనీసం వందకు పైగా కణాలుండాలి. 1,000 సౌర ద్రవ్యరాశులను పట్టాలంటే వాయుకణం 8 లోపు ఉండాలి. పైన చెప్పిన పెట్టెలో అది 46. ఒక అంచె జూమ్ (ఎంచుకున్న ప్రాంతంలోనే కణాలను ఎనిమిది రెట్లు చిన్నవి చేయడం) పెడితే 6కు దిగుతుంది, సరిపోతుంది.

అంతకన్నా లోతుకు, నక్షత్రపు తొలి గింజ దాకా వెళ్లాలంటే ఎంజో లేదా రామ్సెస్ లాంటి అంచెల గ్రిడ్ (అవసరమైన చోట గడులను చిన్నవి చేసుకునే) కోడ్ నయం. జీన్స్ పొడవుకు నాలుగు గడులు కనీస హద్దు. దాని కన్నా తక్కువైతే కృత్రిమ ముక్కలు వస్తాయి. అల్లకల్లోలం, అయస్కాంత క్షేత్రం మీద మాట్లాడాలంటే 30 గడులు కావాలి. 256 గడుల మూల గ్రిడ్ నుంచి సూర్యుడు-భూమి దూరం దాకా దిగాలంటే 25 అంచెలు పడతాయి. ఆరెపో కదిలే గడులు రెండింటి మంచినీ తెస్తాయి, ముఖ్యంగా తిరిగే చక్రాలకు. కానీ 2020లో విడుదలైన బహిరంగ రూపంలో తొలి నక్షత్రాల రసాయనం సిద్ధంగా ఉండదు, మీరే జోడించాలి. ఒక్కరే పనిచేస్తుంటే నా ఓటు ఎంజో-గ్రాకిల్ జంటకు.

పరిశీలనతో పోల్చాలంటే

జేమ్స్ వెబ్ చూసిన రెడ్‌షిఫ్ట్ 14 గెలాక్సీలతో ఒక మెగాపార్సెక్ పెట్టెను పోల్చకండి. అలాంటి అరుదైన వస్తువులు ఇంత చిన్న చోట ఉండవు. వాయువు ఎంత చల్లారిందన్నదానికి నేరు పరీక్ష హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల గీత. 2018లో, ఆస్ట్రేలియాలో రేడియో యాంటెనా పెట్టిన ఎడ్జెస్ బృందం ఆకాశపు రేడియో వర్ణపటంలో 78 మెగాహెర్ట్జ్ దగ్గర 0.5 కెల్విన్ లోతైన గుంత చూశామంది. మామూలు చల్లదనం ఇవ్వగలిగేది సుమారు 0.2. కృష్ణ పదార్థం వాయువును ఇంకా చల్లార్చిందన్న వాదనలు వెల్లువెత్తాయి. బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థ తన సారస్-3 యాంటెనాను కర్ణాటక చెరువుల నీటి మీద తేలించి, ఆ ఆకారపు గుంత లేదని 2022లో 95.3 శాతం నమ్మకంతో చెప్పింది. కాబట్టి అదనపు చల్లదనం ఉన్న నమూనాను ప్రధాన రన్‌గా ఎంచుకోవడానికి ఇప్పుడు కారణం లేదు.

ఫలితం చూసేటప్పుడు

మొదట గీయాల్సింది సాంద్రత, ఉష్ణోగ్రతల చిత్రం. ఎడమ చివర, హేలోల బయటి పలచని వాయువు రెడ్‌షిఫ్ట్ 20లో 10 కెల్విన్ చుట్టూ ఉండాలి. అది అడ్డంగా కోసినట్టు సరిగ్గా 57 దగ్గర ఆగితే, నేపథ్య వికిరణ ఉష్ణోగ్రతను మీ కోడ్ నేలగా పెట్టేసింది. ఆ నేల వెలుగు ద్వారా చల్లబడటానికే వర్తించాలి, విస్తరణ వల్ల చల్లబడటానికి కాదు. అలా వదిలేస్తే బయటి వాయువు జీన్స్ ద్రవ్యరాశి దాదాపు 14 రెట్లు పెరిగి, చిన్న హేలోలకు వాయువే చేరదు. అక్కడి నుంచి ఘన సెంటీమీటరుకు ఒక కణం దగ్గర ఒకటి రెండు వేల కెల్విన్ శిఖరం, పదివేల దగ్గర 200కు దిగే లోయ, ఆ తర్వాత 10⁸ వైపు మెల్లగా వెయ్యికి ఎక్కే వాలు కనిపించాలి. శిఖరం ఉండి లోయ లేకపోతే ఎలక్ట్రాన్ల భాగం చూడండి. లోయ 100 కిందికి దిగితే డ్యుటీరియం రేట్లు, మొదటి అంచె ఎలక్ట్రాన్ల విలువ మళ్లీ సరిచూడండి. శిఖరం 8,000 దగ్గర ఉంటే మీ హేలో అనుకున్నదాని కన్నా పెద్దది, లేదా అణువులు విడగొట్టే వెలుగు ఎక్కడో ఆన్‌లో మిగిలిపోయింది.